ఐదో పక్కటెముక కింద

తెర అవతల మొదటి తట్టు పడింది. ఎడమచేతి నడిమివేలు రొమ్ము మీద ఆనించి, దాని మీద కుడిచేతి నడిమివేలి కొనతో టక్కుమని ఒకటి, వెంటనే ఇంకొకటి, అంతే. మామూలు మనిషికి అది చప్పుడే కాదు. వరండా బెంచీ మీద మోషే పక్కనే కూర్చున్న చౌడేపల్లె ముసలాయన గంగులప్పకైతే తన గొంతులో కూసే పిల్లికూతలు తప్ప ఈ లోకంలో ఇంకేదీ వినిపించే స్థితి లేదు. కానీ మోషే చెవులు మోషేవి. కుడిపక్క, మెడకింది ఎముక పైన, అనుకున్నాడు కళ్లు మూసుకుని, మోగింది, దేవునికి స్తోత్రం, అక్కడ బాగుంది. లోపల స్టూలు మీద కూర్చున్నది అతని పెళ్లాం యేసమ్మ. తడుతున్నది వేలూరులో డాక్టరీ చదివొచ్చిన విక్టోరియమ్మ. మొగుళ్లు లోపలికి రాకూడదని ఆమె రూలు, ఇదే మిషనాసుపత్రిలో పదకొండేళ్లుగా మగరోగుల వార్డులో పనిచేస్తున్న మొగుడైనా సరే. ఆమె చెయ్యి ఎప్పుడూ పైనుంచి కిందికే దిగుతుంది, తొందరపడదు, ఒక్క మెట్టు వదలదు. ఐదో పక్కటెముక దాకా రావాలి. దాని కింద ఏముందో మోషేకి తెలుసు. ఆదివారం నుంచి ఈ గురువారం దాకా ఆ సంగతి గుండెల్లో రాయిలా మోస్తున్నాడు.

తెలియడంతోనే వచ్చింది చిక్కంతా. తెలియకపోతే హాయిగా వార్డులో పీకదానులు కడుక్కుంటూ ఉండేవాడు కదా. కానీ ఆ చెవి అతను కొనితెచ్చుకున్నది కాదు, నాయన ఇచ్చిపోయింది. కుప్పం అవతలి పల్లెలో నాయన పలక వాయించేవాడు, పిల్లలు రాసుకునే పలక కాదు, చట్రానికి తోలు బిగించిన పలక, చావుకీ జాతరకీ అదే. వానకాలం తోలు తేమ పట్టి మూగబోతే గడ్డిమంట వేసి కాచేవాడు, కాచిన కొద్దీ మోత లేచేది, ఇంక చాలా అని నాయన అడిగితే ఆరేళ్ల కొడుకు చెవి పెట్టి చెప్పాలి, ఇంకా కొంచెం, ఇంకా, ఆఁ ఇప్పుడు. తప్పు చెబితే మొట్టికాయ. ఆ తర్వాత కరువొచ్చి నాయన బంగారు గనుల్లో రాయి తొలిచే పనికి పోయాడు, ఆరేళ్లకి తిరిగొచ్చాడు, మనిషైతే వచ్చాడు గానీ ఊపిరి రాలేదు, పలక భుజాన వేసుకుని వీధి సగం దాకా పోయి రాయి మీద కూలబడేవాడు. అప్పుడు తట్టి చూస్తే ఏం వినిపించేదో. ఇదే మాట ఒకరోజు విక్టోరియమ్మని అడిగితే, రాతిదుమ్ము రోగంలో తడితే పెద్దగా ఏమీ తెలీదు మోషే, రొమ్ము సాగదు, అదే గుర్తు, వెనకాలే క్షయ కూడా వచ్చి కూర్చుంటుంది అని చెప్పింది. అవును, సాగేది కాదు. అమ్మ కుట్టిన చొక్కా ఊపిరి పీల్చినా వదిలినా నాయన ఒంటి మీద ఒక్క తీరుగా ఉండేది. నాయన పోయాక మోషే మదనపల్లె చేరాడు, బాప్తిస్మం పుచ్చుకున్నాడు, బైరప్ప పోయి మోషే వచ్చాడు. పలక ముట్టుకోవద్దన్నారు పాస్టరుగారు, ముట్టుకోలేదు. చెవి సంగతి ఆయనా ఎత్తలేదు, ఇతనూ అడగలేదు.

రెండో పక్కటెముక. మోగింది. ఎంత చక్కగా మోగిందో చూడు, పెళ్లికి కాల్చి తెచ్చిన కొత్తకుండలాగా. మరి ఇంత బాగా మోగే మనిషి మూడు నెలలుగా ఎందుకు దగ్గుతుంది?

ఆ పడుకున్న చెవిని మళ్లీ లేపింది నిమ్మనపల్లె మునికృష్ణ. ఏడేళ్లయింది. పడుకుంటే ఊపిరాడదని వచ్చాడు పాపం. వార్డులో మోషే పని రోగిని ముందుకు వంచి రెండు భుజాలూ గట్టిగా పట్టుకోవడం, డాక్టరు వీపు తట్టడం. పైన మోగింది, ఇంకొంచెం కింద మోగింది, ఆపైన ఒక్కసారిగా మట్టిగోడ. మోషే తల గబుక్కున ఎత్తాడు. తోలు తడిసింది, అనుకున్నాడు, ఇక్కడిదాకా తడిసింది! విక్టోరియమ్మ అక్కడ సిరాతో గీత గీసి, దాని కింద పెద్ద సూది గుచ్చింది, వరిగడ్డి నానబెట్టిన నీళ్ల రంగులో రెండు సీసాల నీళ్లు వచ్చాయి. ఇంతటి వింత మోషే పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. లోపల చూడకుండా, కోయకుండా, ఎంత లోతు నీళ్లున్నాయో వేలితో తట్టి చెప్పెయ్యడమా! ఆ రాత్రి ఇంట్లో కిరసనాయిలు డబ్బాని తట్టి చూస్తే అదే చప్పుడు, పైన ఖాళీ మోత, కింద మూగ. అప్పటినుంచి కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. గుమ్మడికాయలు తట్టాడు, చర్చి తలుపులు తట్టాడు, ప్రసంగం మధ్యలో ముందు బెంచీని తట్టి పాస్టరుగారి చేత గుడ్లురిమించుకున్నాడు. పక్కవాటు జ్వరంతో, అంటే నిమోనియాతో, వచ్చినవాళ్ల ఊపిరితిత్తి ముద్దగట్టినా మూగే, నీళ్లు చేరినా మూగే. మరి రెండింటికీ తేడా ఎట్లా అంటే, వీపు మీద అరచెయ్యి పెట్టి ఒకటి ఒకటి ఒకటి అనమంటుంది డాక్టరమ్మ. ముద్దగట్టిన చోట మాట చేతికి జుమ్మని తగులుతుంది, నీళ్లున్న చోట మాట మునిగిపోతుంది. ఆరోగ్యవరం క్షయాసుపత్రిలో రొమ్ములోకి గాలి ఎక్కించే సూది వేయించుకుని వచ్చిన క్షయరోగుల పక్కన తడితే అబ్బో, నాయన గడ్డిమంట మీద కాచిన మోతే. ఉబ్బసం వాళ్లని తడితే ఏమీ తెలీదు, వాళ్ల గుట్టంతా ఈలల్లో ఉంటుంది. యుద్ధం వచ్చి ఎక్సరే ఫిల్ములు రావడం మానేశాక విక్టోరియమ్మకి వేళ్లే గతి అయ్యాయి, ఒకరోజు నలుగురు నర్సుల ముందు అనేసింది, ఈ మోషే చెవులు మీలో ఒక్కరికైనా ఉంటే నేను పండగ చేసుకుంటాను అని. ఆ మాటకి మోషే నేల మీద లేడు. తలకెక్కింది. తలకెక్కకపోతే ఆదివారం చెయ్యి ఊరుకునేదే.

మూడో పక్కటెముక. మోగింది. నాలుగు. మోషే బెంచీ అంచు పట్టుకున్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక, సంగటి తిన్నాక, యేసమ్మ గడప దగ్గర గాలికి చాప వేసుకుని వెల్లకిలా పడుకుంది. ఎనభైమంది ఆడపిల్లలున్న హాస్టలుకి పద్దెనిమిదేళ్లుగా వంటమనిషి ఆమె, ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే ఆమెకి నడుం వాల్చే వీలు. దగ్గీ దగ్గీ నిద్రపోయింది. పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతున్న మోషే చెయ్యి, అతను చెప్పకుండానే, విసనకర్ర పక్కన పెట్టింది. కుడిపక్క, చీర మీదనే, మెత్తగా, ఆమె లేవకుండా. పైన మోగింది. కిందికి వస్తూ వస్తూ ఐదో ఎముక దగ్గర నీరసించింది, దాని కింద మట్టిగోడ. మళ్లీ పైకి పోయాడు, మళ్లీ దిగాడు. పదిసార్లు దిగాడు. పదిసార్లూ గోడే. నీళ్లు. రొమ్ములో నీరు చేరిందంటే దాని వెనక క్షయ నక్కి ఉందేమో చూడాలని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు! యేసమ్మకా? బండెడు పిండి ఒంటిచేత్తో కెలికే యేసమ్మకా? అయ్యో ప్రభువా, ఈ చెవి నాకెందుకిచ్చావు అని మోషే పెరట్లోకి పోయి ఏడ్చాడు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఏడ్చాక ఎనభైమంది ఆడపిల్లలు గుర్తొచ్చారు. ఆమె దగ్గే దగ్గు, వాళ్లు తినే అన్నం. పెళ్లాంతో చెప్పడానికి నోరు రాలేదు; చెప్పకుండా ఊరుకోవడానికి మనసొప్పలేదు. సోమవారం తెల్లారకముందే హాస్టలు మేటరన్‌ దగ్గరికి పోయి, యేసమ్మకి కుడిపక్క నీళ్లున్నాయి, క్షయేమో, డాక్టరమ్మ చూసేదాకా ఆమెని వంటింట్లోకి రానీయొద్దమ్మా, నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు, దండం పెడతా అన్నాడు. మేటరన్‌ మాట నిలబెట్టుకుంది. అదే కొంప ముంచింది.

ఎందుకంటే యేసమ్మని వంటింటి గడప దగ్గరే ఆపేశారు, పిల్లలందరూ కంచాలు పట్టుకుని చూస్తుండగా. ఎవరు చెప్పారో తెలియని మనిషికి ఎవరో ఒకరు కావాలి కదా. దొరికింది రెండో వంటమనిషి పాపక్క. పెద్ద గరిటె కోసం నా మీద క్షయ కట్టిందని యేసమ్మ బావి దగ్గర అందరి ముందూ పాపక్కని కడిగి ఆరేసింది, నీ నోట్లో మన్ను పడ, నీ కడుపు మాడ అని. కడుపు పండని పాపక్క ఆ మాటకి బిందె అక్కడే వదిలి ఏడుస్తూ వెళ్లిపోయింది. మోషే అక్కడే ఉన్నాడు. తాడు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నోట్లో నువ్వుగింజ నానని వాడని పేరున్న మోషే ఆ పూట మాత్రం నోరు కుట్టేసుకున్నాడు. నీళ్లున్నాయని తేలితే అప్పుడు చెప్పొచ్చు, అప్పుడైతే యేసమ్మ కోప్పడదు, నా మొగుడు ముందే కనిపెట్టాడంటుంది అనుకున్నాడు. అంటే ఏమిటి, పెళ్లాం రొమ్ములో నీళ్లుండాలని కోరుకుంటున్నాడా? ఛీ. కాదు. లేకపోతే బాగుండు. కానీ లేకపోతే పాపక్క ఏడుపుకి జవాబెవరిది?

ఐదు. నీరసించింది. దాని కింద... మోషే చెవి తెర వైపు తిప్పాడు. గోడ. గోడే. విన్నాడు, ఇంత దూరం నుంచి, తెర అవతల నుంచి విన్నాడు. చేసిన తప్పేమీ లేదు, చెవి చెడిపోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు విక్టోరియమ్మ ఆగుతుంది, మళ్లీ తడుతుంది, నర్సుని సిరాకలం తెమ్మంటుంది, గీత గీస్తుంది.

ఆమె ఆగలేదు. ఏమీ పట్టనట్టు ఎడమపక్క పైకి పోయి మళ్లీ మొదలుపెట్టింది. టక్. టక్. మోగింది.

ఇదేమిటి? వినలేదా? ఆమె వినకపోవడమేమిటి, ఆమె దగ్గర నేర్చిన విద్యే కదా ఇది. నిన్న నిద్ర లేదేమో. యుద్ధం రోజులు, ఇద్దరు డాక్టర్ల పని ఒక్కతే చేస్తోంది. పోయి తెర పక్కకి లాగి, అమ్మా కుడిపక్క ఐదో ఎముక కింద ఇంకోసారి చూడండి అందామా? ఇంతలో లోపలినుంచి యేసమ్మ గొంతు వచ్చింది, "ఒగటి, ఒగటి, ఒగటి," బడిపిల్లలాగా బుద్ధిగా. ఇంట్లో ఇంత బుద్ధిగా ఒక్క మాటైనా అన్నదా ఈ మనిషి. ఇప్పుడు వీపు. కుడిపక్క వీపు పైన మోగింది, నడుమ మోగింది, కిందికి, ఇంకా కిందికి, నీళ్ల గీత దాటి ఉండాల్సిన చోట కూడా, ఇదిగో, మోగింది.

మోషే కళ్లు తెరిచాడు. ముందు మూగ, వెనక మోత. ఏడేళ్లలో ఇట్లాంటిది వినలేదు. నీళ్లు నీళ్లే కదా, ఎక్కడున్నా అడుగుకి చేరతాయి కదా, ముందువైపు మాత్రమే గోడకి మేకు కొట్టినట్టు వేలాడే నీళ్లుంటాయా? భయం ఎక్కడికి పోయిందో పోయింది, దాని చోట వింత వచ్చి కూర్చుంది. ఉండు ఉండు, నేను ముందువైపు ఎప్పుడు విన్నాను? ఎప్పుడూ భుజాలు పట్టుకుని రోగికి ఎదురుగా నిలబడేవాణ్ని, వీపు చప్పుళ్లే కదా నావి. రొమ్ము ముందుభాగం నేనెవరిది తట్టాను? యేసమ్మది. ఇంకెవరిది? ఎవరిదీ లేదు. ఒక్క కుండని తట్టి సంతలో కుండలన్నిటికీ తీర్పు చెప్పిన మొనగాణ్ని.

చెయ్యి చొక్కా బొత్తాలు తీసింది. తన రొమ్ము మీద తానే, కుడిపక్క. రెండు, మోగింది. మూడు, నాలుగు, మోగింది. ఐదు, నీరసం. కింద గోడ! నాక్కూడానా! ఒకే కంచంలో తిన్నామా, ఒకే రోగం తెచ్చుకున్నామా. కానీ నాకు దగ్గు లేదే, ఆయాసం లేదే, పొద్దున్నే రెండు కావిళ్ల నీళ్లు మోశానే. ఆగు, ఇద్దరితో తేలదు. పక్కకి తిరిగాడు.

"గంగులప్పా, నీ రొమ్ము ఒకసారి తట్టనా?" అన్నాడు.

పుంగనూరు నుంచి పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో, దాని పొగంతా మింగుతూ వచ్చిన ముసలాయన ఎగశ్వాస మధ్యలో అతని వంక చూశాడు. "తట్టుకో నాయనా," అన్నాడు, "ఊపిరి వస్తాదంటే గుద్దినా సరే."

ఆయన రొమ్ము బీడీలకీ ఉబ్బసానికీ ఉబ్బి గాదెలా ఉంది. తడితే ఎంత మోత! నాలుగు మోగింది, ఐదు మోగింది, ఆరు కూడా మోగింది, మోషే గుండె నీరుగారింది, అంటే మా ఇద్దరికే రోగం. ఇంకో రెండు వేళ్లు కిందికి జారాడు, అక్కడ, గోడ. ముసలాయనకీ ఉంది. రెండు వేళ్లు కిందుగా ఉంది, అంతే. ముగ్గురు మనుషులు, ముగ్గురికీ కుడిపక్కే, ముగ్గురికీ ఆ చుట్టుపక్కలే. ముగ్గురికీ ఒకేచోట నీళ్లు చేరతాయా? చేరవు. అయితే అక్కడ ఏదో ఉంది, ప్రతివాడికీ ఉంది, దేవుడు పెట్టిందే ఉంది. ఏమిటది? ఎంత గట్టిగా తెలుసుకోవాలనిపించిందంటే మోషే బెంచీ మీదనుంచి లేచి నిలబడ్డాడు, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మరిచిపోయాడు.

తెర జరిగింది. విక్టోరియమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, వెనక పైట సర్దుకుంటూ యేసమ్మ.

"నీళ్లూ లేవు, క్షయా లేదు మోషే," అంది విక్టోరియమ్మ. "మూడు రోజుల తెమడ చూశాం, శుభ్రం. రెండు పక్కలా ఈలలున్నాయి, అంతా పొయ్యి పొగ. నెల రోజులు పొయ్యి ఊదకూడదు, ఈలోపల ఆ వంటింటికి పొగగొట్టం పెట్టించమని మేటరన్‌కి రాస్తాను. కానీ కుడిపక్క నీళ్లున్నాయని ఆమెకి చెప్పిన మహానుభావులెవరో నాకు అర్థం కావడం లేదు."

"ఇంకెవురు డాక్టరమ్మా, ఆ పాపక్కే," అంది యేసమ్మ.

అదే అదను. ఊరుకుంటే సరిపోయేది. పెళ్లానికి రోగం లేదు, మేటరన్‌ నోరు విప్పదు, పాపక్క ఏడుపు నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. కానీ మోషే నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"అమ్మా, మరి ఐదో ఎముక కింద ఆ మూగ ఏందమ్మా? నాకూ ఉండాది. గంగులప్పకీ ఉండాది, రెండు వేళ్లు కిందికుండాది. యాల?"

విక్టోరియమ్మ అతని తెరిచిన చొక్కా చూసింది, గంగులప్పని చూసింది, నవ్వు ఆపుకోలేకపోయింది. "అది కార్జం మోషే, కాలేయం! అందరికీ ఉంటుంది. గంగులప్ప ఊపిరితిత్తులు ఉబ్బి దాన్ని కిందికి నెట్టాయి, అందుకే రెండు వేళ్లు దిగింది. నీళ్లయితే, కూర్చున్న మనిషికి వీపు అడుగున కూడా మూగ పలకాలి, పడుకుంటే వీపు వైపు చేరతాయి గానీ పైన తేలతాయా? పడుకోబెట్టిన బిందెలో నీళ్లు ఎక్కడుంటాయి?" అంది, అంటూనే ఏదో అర్థమై ఆగిపోయింది. యేసమ్మ ముఖం చూసి గంగులప్పని లోపలికి పిలిచి తెర వేసేసుకుంది.

కార్జం. ఎంత చిన్న సంగతి. ఎంత చక్కటి సంగతి. మోషేకి ఒక్క క్షణం సంతోషమే కలిగింది, తెలిసిందన్న సంతోషం. ఆ తర్వాత యేసమ్మ కళ్లు కనిపించాయి.

"నా రొమ్ము నువ్వెప్పుడు కొట్టినావు?" అంది మెల్లగా.

"ఆదివారం. నువ్వు పండుకోనుంటే." అన్నాడు మోషే. "మేటరన్‌కి సెప్పింది కూడా నేనే. పాపక్క కాదు. పిల్లోళ్లకి అంటుకుంటాదేమో అని... నీకు సెప్పేదానికి నోరు రాలే యేసమ్మా."

"పద్దెనిమిదేండ్లుగా నా సేతి కార్జం కూర తింటాండావు. కార్జం యాడుంటాదో తెలీదా నీకు? ఆ పాపక్కని నేను ఎన్ని మాటలంటి. పిల్లలు లేని దాన్ని పట్టుకోని కడుపు మాడ అంటి కదయ్యా. నువ్వు ఆడనే నిలబడి ఇంటివే!"

ఆమె చర్రున తిరిగి మెట్లు దిగింది. ఇంటి దారి పట్టలేదు, హాస్టలు దారి పట్టింది. అతను బొత్తాలు పెట్టుకుంటూ వెనకాలే పోయాడు. పొగ ఈలలు ఆమె గొంతులో సన్నగా వినిపిస్తున్నాయి, ఇన్నాళ్లూ ఇంట్లో పక్కనే వినిపించి ఉంటాయి, వినలేదు. వేలితో తట్టడం మీదనే ధ్యాసంతా. గేటు దాటాక ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆదివారం నేను నిద్దర పోలేదు," అంది.

మోషే కూడా ఆగిపోయాడు.

"మేలుకోనే ఉంటి. పెండ్లయినప్పట్నుంచి ఎప్పుడన్నా అట్ల తట్టినావా నన్ను? పాపని నిద్దరపుచ్చినట్టు తడ్తాండావు అనుకుంటి. కదిల్తే యాడ ఆపేస్తావో అని దగ్గొస్తాన్నా బిగబట్టుకోని పండుకోనుంటి."

బజారు వైపు ఎవరిదో బండి పోతోంది, యేసమ్మ అది దాటేదాకా నిలబడి పైటకొంగుతో మొహం తుడుచుకుంది.

"ముందు పాపక్క కాడికి పద. నేను కాళ్లు పట్టుకుంటా, నువ్వు జరిగింది సెప్పు, అదేమన్నా పడాల," అంది నడక మొదలుపెడుతూ. "ఇంటికి పోయినాంక మళ్లా అట్లే తట్టు. ఈ తూరి ఏమీ ఇనొద్దు."